మండలం పుట్టకముందటి లెక్కలు ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా సంగ్రహంగా చెప్పుకుంటాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చెరువుల కింద సాగు 1955-56 నుంచి 2015-16 వరకు ఎలా మారుతూ వచ్చిందన్నది మీ పీహెచ్‌డీ అంశం. ఈ అరవై ఏళ్లకూ మండలాల వారీగా, ఏటేటా, చెరువు నీటితో తడిసిన విస్తీర్ణం కావాలని మీరు ఎనిమిది నెలలుగా తిరుగుతున్నారు. ఒక కార్యాలయంలో ఈ మధ్య పదిహేనేళ్ల పుస్తకాలు మాత్రమే చూపించారు, మరొక చోట ఆయకట్టు జాబితా చేతికిచ్చి పంపారు, సమాచార హక్కు చట్టం కింద పెట్టిన దరఖాస్తుకు ‘మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదు’ అన్న ఒకే వాక్యం జవాబుగా వచ్చింది. మీ గైడుగారు అంశం మార్చుకోమంటున్నారు.

అంశం మార్చుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు గానీ, అడిగే తీరు మాత్రం మార్చుకోవాలి. మీకు వచ్చిన ఆ ఒక్క వాక్యం జవాబు, మీకు ఎంత కోపం తెప్పించినా, అక్షరాలా నిజం. మన రాష్ట్రంలో మండలాలు ఏర్పడింది 1985లో. అంతకుముందు ఉన్నవి తాలూకాలు, వాటి కింద ఫిర్కాలు, వాటి కింద రెవెన్యూ గ్రామాలు. 1960లోనో 1972లోనో ఒక మండలంలో చెరువుల కింద ఎంత భూమి సాగయిందో ఏ ఉద్యోగీ ఏ కాగితం మీదా రాసి ఉండడు, ఎందుకంటే అప్పటికి ఆ మండలమే లేదు. మీరు అడిగిన పట్టిక పోలేదు, ఎవరూ దాచలేదు, అది పుట్టనే లేదు. దాన్ని తయారు చేయవలసింది మీరే. అందుకు కావలసిన గ్రామాల లెక్కలు చాలావరకు ఉన్నాయి.

నేను చెరువుల మీద పని మొదలుపెట్టిన కొత్తలో నాకూ ఇదే జరిగింది. ఒక కార్యాలయానికి మూడు నెలల పాటు వెళ్లి ‘చెరువుల సేద్యపు గణాంకాలు’ ఇవ్వండని అడుగుతూ వచ్చాను. లేవంటే లేవన్నారు. చివరికి పదవీ విరమణకు దగ్గరపడిన ఒక రికార్డు అసిస్టెంటు జాలిపడి, “సార్, మీరు చెప్పే పేరుతో ఇక్కడ ఏ కట్టా లేదు. జమాబందీ రిజిస్టర్లయితే ఆ మెట్ల కింద ఉన్నాయి, చూసుకుంటారా?” అన్నాడు. నేను వెతుకుతున్న అంకెలన్నీ ఆ మెట్ల కిందే, చెదలు తినగా మిగిలినంత, ఉన్నాయి. ఆ రోజు నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒక్కటే: నాకు కావలసిన అంకెను మొదట ఎవరు, ఎందుకు, ఏ పుస్తకంలో రాయవలసి వచ్చిందో తెలుసుకొని, ఆ పుస్తకాన్ని దాని అసలు పేరుతో అడగడం.

ఆ పద్ధతిని మీ అంశానికి అన్వయించి చూద్దాం. చెరువు కింద తడిసిన ఎకరాన్ని మొదట రాసినవాడు గ్రామ పట్వారీ. రాసింది పహాణీలో, అంటే ఏ పొలంలో ఏ పంట ఏ నీటితో పండిందో రాసే గ్రామ రిజిస్టరులో. కోస్తా, రాయలసీమల్లో దాన్నే అడంగల్ అంటారు, గ్రామ లెక్కల్లో అది మూడో నంబరు. ఎందుకు రాశాడంటే పన్ను కోసం. తరి (మాగాణి) భూమికి ఒక శిస్తు, ఖుష్కీకి (మెట్టకు) ఒక శిస్తు. చెరువు నిండక తరి పంట ఎండితే ఆ ఏటికి మాఫీ. ఆబి (వానాకాలపు) పంటకు నీరందిందా, తాబికి (యాసంగికి) అందిందా అన్నది కూడా అందుకే రాశారు. గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) వచ్చి అజ్మాయిషీ చేసేవాడు, పై అధికారులు ఏటా జమాబందీ, అంటే శిస్తు లెక్కల తనిఖీ, జరిపి గ్రామం మొత్తాన్ని ఖాయం చేసేవారు, ఆ మొత్తాలు తాలూకాకూ జిల్లాకూ చేరి, చివరకు అర్థగణాంక శాఖ వారి సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులో జిల్లాకు ఒక్క వరుసగా అచ్చయ్యేవి. మీకు అచ్చులో దొరికేది ఆ చివరి వరుస మాత్రమే. మెట్లు దిగే కొద్దీ లెక్క వివరంగా ఉంటుంది, దొరకడం కష్టమవుతుంది.

ఇందులో ఇంకొక విషయం కూడా ఉంది. ఆ అంకె వెనక డబ్బు ఉన్నంతకాలం దాన్ని ఎవరో ఒకరు సరిచూశారు. మాఫీ కోసం తడిసిన భూమిని ఎండినట్టు రాసే ఆశ పట్వారీకి ఉంటే, దాన్ని పట్టుకునే ఆసక్తి పైవాడికి ఉండేది. 1984 జనవరిలో కరణం, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి, మరుసటి ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, భూమి శిస్తుకు కూడా పాత ప్రాధాన్యం తగ్గిపోయింది. కాబట్టి 1983 నుంచి 1988 దాకా మీ వరుసలో కనిపించే ఎత్తుపల్లాలను చెరువులకు అంటగట్టే ముందు ఆగి చూడండి. వాటిలో కొన్ని రాసేవాడు మారినందువల్ల వచ్చినవి. పాత లెక్కలు నమ్మదగనివి, కొత్తవి నమ్మదగినవి అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. సేద్యపు విస్తీర్ణం విషయంలో నా అనుభవం దాదాపు తలకిందులు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. గ్రామ స్థాయిలో అచ్చయి, ఇంట్లో కూర్చొని చదువుకోగలిగినవి జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు. 1951 నుంచి ఇవి వెలువడుతున్నాయి. వాటిలోని గ్రామ డైరెక్టరీలో 1971 నుంచి ప్రతి రెవెన్యూ గ్రామానికీ భూవినియోగం, అందులో కాలువ, చెరువు, బావి అన్న వనరుల వారీగా తడిసిన విస్తీర్ణం ఇస్తూ వచ్చారు. 1971, 1981, 1991, 2001, 2011: అయిదు సంవత్సరాలు, ఉమ్మడి జిల్లాలోని దాదాపు పదిహేను వందల గ్రామాలు. పాత సంపుటాల స్కాన్ ప్రతులు జనగణన శాఖ డిజిటల్ గ్రంథాలయంలో ఉన్నాయి. అచ్చు మసకగా ఉంటుంది, యంత్రంతో చదివిస్తే 3 కాస్తా 8 అవుతుంది, అందువల్ల చేత్తోనే ఎక్కించాలి. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా ఎక్కించి, తేడా వచ్చిన గళ్లను మాత్రమే మళ్లీ చూసుకోవడం అన్నిటికన్నా తక్కువ శ్రమతో అయ్యే పని. ప్రతి పట్టిక నెత్తిన ఎకరాలని ఉందో హెక్టార్లని ఉందో తప్పకుండా రాసుకోండి. ఒక పరిశోధనా పత్రంలో చెరువుల సేద్యం ఒక్క దశాబ్దంలో అరవై శాతం పడిపోయిందని చదివి ఉలిక్కిపడ్డాను. ఎకరాన్ని హెక్టారుగా మారిస్తే 0.4047 అవుతుందన్న సంగతి గుర్తుకొచ్చాక ఆ పతనం ఎక్కడిదో తెలిసింది.

అయితే జనగణన వారు పొలాల్లో తిరిగి కొలవలేదు, ఆ భూవినియోగపు అంకెలను గ్రామ రెవెన్యూ లెక్కల నుంచే తీసుకున్నారు. కాబట్టి పహాణీ మొత్తమూ హ్యాండ్‌బుక్కు అంకే సరిపోలితే రెండు సాక్ష్యాలు దొరికాయని సంబరపడకూడదు. ఒకే సాక్షి రెండు చోట్ల సంతకం పెట్టాడని అర్థం. సరిపోలకపోతేనే మీకు నిజంగా ఏదో తెలుస్తుంది.

గ్రామాన్నే కొలమానంగా తీసుకుంటే మండలం చిక్కు దానంతటదే విడిపోతుంది. జిల్లాల సరిహద్దులు మారాయి, తాలూకాలు పోయాయి, 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. మీ జిల్లాయే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేటలుగా విడిపోయి, కొన్ని మండలాలు రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాలకు వెళ్లాయి. ఇంత మార్పులోనూ రెవెన్యూ గ్రామం మాత్రం దాదాపుగా అలాగే ఉంది. ముందుగా ఒక గ్రామాల కరదీపిక తయారు చేసుకోండి: 1971 నాటి తాలూకా, ఆనాటి గ్రామ సంఖ్య, ఆ తర్వాతి ప్రతి జనగణనలో దాని సంఖ్య, 2011 నాటి మండలం, ఇప్పటి జిల్లా. 1991 నుంచి 2011 వరకు ఈ అనుసంధానాన్ని డెవలప్‌మెంట్ డేటా ల్యాబ్ అనే పరిశోధనా సంస్థ వారు ‘ష్రగ్’ అనే డేటా సంపుటిలో చాలావరకు చేసి ఉంచారు. అంతకు వెనకటిది మీరే చేయాలి. పేర్ల వర్ణక్రమం మీ ఓపికను పరీక్షిస్తుంది. ఇంగ్లిషు అచ్చులో ఒకే ఊరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది, ‘ఖుర్దు’, ‘కలాన్’, ‘బుజుర్గు’ అనే తోకలు ఒక జాబితాలో ఉండి ఒక జాబితాలో ఉండవు. ఊళ్లు మాయమైనా కంగారుపడకండి. బేచిరాక్ గ్రామాలు, అంటే భూములుండి మనుషులు లేని గ్రామాలు, కొన్ని పట్టికల్లో చేరుతాయి, కొన్నింటిలో చేరవు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లు అనేకం శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయాయి. వాటి చెరువులు 1981 తర్వాత లెక్కల్లో కనిపించకపోవడం సేద్యం క్షీణించినందువల్ల కాదు.

సరిహద్దుల విషయంలో నేను చేసిన తప్పును మీరు చేయకుండా ఉండాలని చెబుతున్నాను. మీ కాలవ్యవధి 1955-56తో మొదలవుతోంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు అప్పటిదాకా రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూర్ తాలూకాలూ, గుల్బర్గా జిల్లాలో ఉన్న కొడంగలూ మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. నేను ఈ సంగతి పట్టించుకోకుండా జిల్లా మొత్తాలను వరుసగా పేర్చి, కొత్త రాష్ట్రం ఏర్పడిన వెంటనే చెరువుల సేద్యం ఒక్కసారిగా పెరిగిందని రాశాను. అంతటితో ఆగితే కొంత నయం, దానికి వానలు కారణమని ఒక పేరా వివరణ కూడా జోడించాను. ఆ పత్రాన్ని చదివిన ఒక పెద్దాయన అంచున పెన్సిలుతో “ఈ వాన రాయచూరు నుంచి వచ్చినట్టుంది” అని రాసి పంపారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మీరు 1955-56 అంకెను వాడదలిస్తే హైదరాబాద్ రాష్ట్రపు లెక్కల్లో రాయచూరు, గుల్బర్గా జిల్లాల పుటలు కూడా తెరిచి ఆ మూడు తాలూకాలను కలపాలి, లేదా 1956-57 నుంచి మొదలుపెట్టాలి. రెండోదే మేలని నా అభిప్రాయం.

ఏటేటి వరుస కావాలంటే జనగణన చాలదు, పాత రెవెన్యూ రిజిస్టర్ల దగ్గరికే వెళ్లాలి. అక్కడ కాలం ఫసలీల్లో, అంటే పాత రెవెన్యూ సంవత్సరాల్లో, ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు మొదలయ్యే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1365 అంటే 1955-56. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో, ఆజూరు నెలతో మొదలయ్యేది; కనుక పాత హైదరాబాద్ కాగితాలను ఇంకా వెనక్కి తవ్వదలిస్తే ఏ ఆబి పంట ఏ ఏటి కింద పడిందో చూసుకోవాలి. పాత పహాణీలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. దీనికి ఉర్దూ సాహిత్యం చదవనక్కరలేదు. అంకెలు, శీర్షికలు, ముప్పై నలభై మాటలు నేర్చుకుంటే సరిపోతుంది, ఊళ్లో పాత పట్వారీ కుటుంబాల్లో ఒక పెద్దమనిషి పక్కన వారం కూర్చుంటే వచ్చే చదువు అది. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, 1955 నుంచి 58 దాకా ఉన్న సేసలా పహాణీ భూమి తగాదాల్లో నేటికీ సాక్ష్యాలుగా నిలుస్తున్నాయి గనుక వాటిని కార్యాలయాలు పదిలంగా ఉంచాయి. మీ వరుసకు అవి మంచి మొదటి మెట్టు. ఆ తర్వాతి ఏళ్లవే కష్టం, ఎందుకంటే వాటి కోసం కోర్టులో కొట్లాడేవారు తక్కువ.

ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు గురించి. మీ దరఖాస్తు నకలు చదివాను. ‘గత 60 సంవత్సరాల మండలాల వారీ చెరువుల సాగు వివరాలు పట్టిక రూపంలో ఇవ్వగలరు’ అని అడిగారు. ఆ చట్టం కింద అధికారి తన దగ్గర ఉన్న రికార్డు ఇవ్వాలే గాని, లేని పట్టికను మీ కోసం కూర్చి ఇవ్వనక్కరలేదు. సుప్రీంకోర్టు 2011లో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. పైగా 7(9) సెక్షన్ ప్రకారం, అడిగిన రూపంలో ఇవ్వడం వల్ల కార్యాలయపు వనరులు అతిగా మళ్లిపోతాయనుకుంటే ఆ రూపంలో ఇవ్వకుండా ఉండవచ్చు. మీరు వాడుకోవలసింది 2(జె) సెక్షన్, అది రికార్డులను స్వయంగా పరిశీలించి నోట్సు రాసుకునే హక్కు. నేనైతే ఇలా రాస్తాను: “ఫలానా పూర్వ తాలూకాకు సంబంధించి ఫసలీ 1370 నుంచి 1394 వరకు గల జమాబందీ రిజిస్టర్లు, గ్రామాల వారీ పంటలు, నీటి వనరుల మొత్తాల పట్టికలు మీ రికార్డు గదిలో ఉన్నవాటిని సెక్షన్ 2(జె) ప్రకారం స్వయంగా పరిశీలించుటకు తేదీ, సమయం తెలియజేయగలరు. వాటిలో ఏవైనా వేరొక కార్యాలయమునకు బదిలీ అయి ఉన్నచో సెక్షన్ 6(3) ప్రకారం ఈ దరఖాస్తును అచటికి పంపగలరు. ఏవైనా ధ్వంసం చేయబడి ఉన్నచో సదరు ధ్వంస ఉత్తర్వు, రికార్డుల ధ్వంస రిజిస్టరులోని సంబంధిత పుట నకలు ఇవ్వగలరు.”

ఈ చివరి వాక్యమే అసలు ఆయువుపట్టు. లేదు అని ఒక్క ముక్క రాయడం తేలిక. ధ్వంసం చేశామని కాగితంతో చూపడం అంత తేలిక కాదు, కనుక లోపలికి వెళ్లి చూసి వస్తారు. పాత కార్యాలయ పద్ధతిలో ప్రతి ఫైలు ముగిసేటప్పుడు దానికొక ముద్ర పడేది: ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్లు ఉంచవలసినది, ఎల్.డిస్. అంటే ఏడాది తర్వాత తీసేయదగినది. ఆ మాట మీ నోట వినిపిస్తే ఎదుటివారు మిమ్మల్ని చూసే చూపులో కొంచెం తేడా వస్తుంది. దరఖాస్తు రుసుము మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా వచ్చినది సరిపోకపోతే, మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవాలి. మీకు వచ్చిన జవాబు మీద అప్పీలు గడువు ఎలాగూ దాటిపోయింది, దాని వెంట పడకండి, కొత్త దరఖాస్తు వేయండి. జిల్లా విడిపోయినప్పుడు పాత తాలూకా కట్టలు ఏ కలెక్టరేటుకు వెళ్లాయో చాలాచోట్ల ఉన్నవారికే తెలియదు, అందుకే బదిలీ మాట ముందే రాయమన్నాను.

ఒక మాట మాత్రం చెప్పాలి. సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టే విద్యార్థులను చూస్తే కార్యాలయాల్లో కొంత బిగుసుకుంటారు, అందులో వారి తప్పు పూర్తిగా ఉందని నేననను. ముందు మీ విభాగాధిపతి సంతకంతో పరిచయ పత్రం తీసుకొని వెళ్లి, రెండు రోజులు బయట బల్ల మీద కూర్చొని, మీకేం కావాలో కింది ఉద్యోగికి వివరించి చూడండి. ఆ దారి మూసుకుపోయాక చట్టం ఉండనే ఉంది.

నీటిపారుదల శాఖ మీకిచ్చిన ఆయకట్టు జాబితా సంగతి వేరు. ఆయకట్టు అంటే చెరువు నిండితే తడపగలిగిన భూమి, అంతే గాని తడిసిన భూమి కాదు. ఆ జాబితాలో అంకె దశాబ్దాల తరబడి మారదు. మీ పరిశోధన అంతా ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే. ఆయకట్టు అంకెను హారంగా వాడుకోవచ్చు, లవంగా వాడకూడదు. వంద ఎకరాలకు లోపు ఆయకట్టు ఉన్న కుంటలు పూర్వం పంచాయతీరాజ్ శాఖ చేతిలో ఉండేవి కాబట్టి, పాత నీటిపారుదల జాబితాలో అవి లేకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. మహబూబ్‌నగర్ వంటి జిల్లాలో వాటిని వదిలేస్తే ఊళ్లకు ఊళ్లు వదిలేసినట్టే.

చెరువుల సంఖ్య దగ్గర కూడా ఇటువంటి గందరగోళమే ఉంది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణలో పునరుద్ధరించవలసిన చెరువులు 46 వేలకు పైగా ఉన్నాయని లెక్క వేసుకుంది. కేంద్రం 2023లో విడుదల చేసిన తొలి నీటి వనరుల గణన ఇదే రాష్ట్రంలో 64,056 ఉన్నాయంది. ఈ రెండింటిలో ఏది తప్పని చాలామంది అడుగుతారు. రెండోదానిలో ఊట కుంటలూ చెక్‌డ్యాములూ కూడా చేరాయి. వారు లెక్కపెట్టిన వస్తువు వేరు. మీరు మీ సిద్ధాంత గ్రంథంలో చెరువు అంటే ఏమిటో ఒక్క వాక్యంలో నిర్వచించుకొని, ప్రతి మూలాన్నీ ఆ నిర్వచనం మీద పెట్టి తూచాలి. చిన్ననీటి వనరుల గణనలు (1986-87, 1993-94, 2000-01, 2006-07, 2013-14 సంవత్సరాలకు జరిగినవి) మీ వ్యవధిలోనే ఉన్నాయి, అవి ఒక్కొక్క చెరువును విడిగా చూస్తాయి గనుక చెరువు పాడుబడిందా, పాడుబడితే ఎందుకు అన్నది చెప్పగలవు. ఏటేటి వరుసకు పనికిరావు గాని, కారణాల అధ్యాయానికి వాటిని మించినవి లేవు. వ్యవసాయ గణన కూడా 1970-71 నుంచి అయిదేళ్లకోసారి ఉంది, అది కమతాల కోణం నుంచి చూస్తుంది. మీకు అంతగా అవసరం పడదు.

వనరు అన్న గడి దగ్గర ఇంకొంచెం నిలబడాలి. చెరువు ఆయకట్టులోనే రైతు బావి తవ్వుకున్నాడు, ఆ తర్వాత బోరు వేశాడు. ఆ మడి రెవెన్యూ లెక్కలో తరి భూమే, చెరువు కిందిదే. నీరు మాత్రం బోరుది. ఒక ఊళ్లో రాసేవాడు దాన్ని చెరువు కింద రాస్తాడు, పక్క ఊళ్లో బావి కింద రాస్తాడు. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి తోడు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీటితో చెరువులు నింపుతున్నారు. ఆ భూమి చెరువు కిందిదా, కాలువ కిందిదా? దీనికి ఒక సరైన జవాబు లేదు. అందుకని మీరు జిల్లా అంతటికీ అంకెలు పోగేసే పనిలో ఉంటూనే, ఒక పది పదిహేను ఊళ్లలో నీరటికాడితో (చెరువు నీటిని పొలాలకు వదిలే మనిషితో), ఆయకట్టు రైతులతో కూర్చొని, గత పదేళ్లలో అలుగు ఎన్నిసార్లు పారింది, తూము ఎన్ని రోజులు తెరిచారు, ఏ మళ్లకు బోరు నీరు పారింది అని అడిగి, రిజిస్టరు అంకెతో పోల్చి చూడండి. తేడా ఎంత, ఎటువైపు అన్నది తెలిస్తే మిగతా పట్టికను ఎంత నమ్మాలో తెలుస్తుంది. ఈ జిల్లాలోనే ఔరేపల్లె, దోకూరు గ్రామాలను అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వారు 1975 నుంచి ఇంటింటా అధ్యయనం చేశారు. ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులో ఉంది. మీ రిజిస్టర్లను సరిచూసుకోవడానికి అంతకన్నా స్వతంత్రమైన సాక్షి ఈ జిల్లాలో మరొకటి ఉండదు. జిల్లా మొత్తాలకైతే అదే సంస్థ 1966 నాటి సరిహద్దులకు సర్దిన జిల్లా స్థాయి వరుసలను కూడా ఇస్తోంది, మీ కూడిక దారితప్పిందో లేదో చూసుకోవడానికి అవి చాలు.

ఉపగ్రహ చిత్రాలతో పని తేలికవుతుంది గదా అని మీరు చివర్లో అడిగారు. కొంతవరకు అవుతుంది. ఐరోపా సమాఖ్య ఉమ్మడి పరిశోధనా కేంద్రం లాండ్‌శాట్ చిత్రాల ఆధారంగా 1984 నుంచి ప్రపంచమంతటి ఉపరితల జలాల పటాలు తయారు చేసి ఉచితంగా పెట్టింది. అంతకు వెనక్కి పోవాలంటే అమెరికా నిఘా ఉపగ్రహం కరోనా 1960 నుంచి 1972 దాకా తీసిన చిత్రాలు 1995లో బహిరంగమయ్యాయి, వాటిలో చెరువు కట్టలు చక్కగా కనిపిస్తాయి. అయితే లాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క ముప్పై మీటర్ల చదరం. ఎకరం కుంట అంటే నాలుగైదు చుక్కలు, దాన్ని నమ్మలేం. తుంగ, సర్కారు తుమ్మ కమ్మేసిన చెరువులో నీళ్లున్నా ఉపగ్రహానికి అడవిలా కనిపిస్తుంది. వానాకాలంలో మబ్బులు అడ్డం. అన్నిటినీ మించి, చెరువులో నిలిచిన నీరు వేరు, దాని కింద తడిసిన పొలం వేరు. రిజిస్టరు దొరకని సంవత్సరంలో చెరువు నిండిందా లేదా అని తెలుసుకోవడానికి దీన్ని వాడండి, ఎకరాలు లెక్కకట్టడానికి వాడకండి.

దొరకని సంవత్సరాలు ఎలాగూ ఉంటాయి. రెండు పక్కల అంకెలను కలిపి మధ్యలో గీత గీసి నింపడం ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట పని. చెరువుల విషయంలో అది చేయకూడని పని, ఎందుకంటే చెరువు సేద్యం ఏటికేడు వానను బట్టి ఎగిరిపడేది. 1972 వంటి కరువు ఏడు రెండు మంచి ఏళ్ల మధ్య పడితే మీ గీత ఆ కరువునే చెరిపేస్తుంది. ఖాళీ గడిని ఖాళీగానే వదిలి, ఎందుకు ఖాళీగా ఉందో కింద రాయండి: చెదలు, ముంపు, ధ్వంస ఉత్తర్వు, అసలు రాయకపోవడం. ఈ నాలుగూ ఒకటి కాదు.

గైడుగారికి చెప్పవలసింది ఇది. జిల్లా మొత్తానికి అయిదు జనగణన సంవత్సరాల గ్రామ పట్టిక. ఏటేటి వరుస మాత్రం మూడు పూర్వ తాలూకాలకే, ఫసలీ 1370 నుంచి 1394 వరకు, ఎన్ని దొరికితే అన్ని. పది పదిహేను ఊళ్లలో సరిచూపు. మొదటిది మీ గదిలోనే నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఏ మూడు తాలూకాలు అన్నది ముందే నిర్ణయించుకోకండి, ఎక్కడి రికార్డు గది బాగుందో చూసి ఎంచుకోండి, కాకపోతే ఒకటి కృష్ణ వైపుది, ఒకటి మెట్ట వైపుది ఉండేలా చూసుకొని, అలా ఎంచుకున్న సంగతి గ్రంథంలో దాచకుండా రాయండి. రికార్డు గదికి వెళ్లేటప్పుడు మాస్కు, టార్చి, పెన్సిళ్లు తీసుకెళ్లండి, పెన్ను లోపలికి తేవద్దు. ఫొటోకు అనుమతి ఇస్తే ప్రతి కట్ట పై అట్టనూ, దాని మీది సంఖ్యనూ మొదట ఫొటో తీసి ఆ తర్వాతే లోపలి పుటలు తీయండి. నేను తీసిన వందలాది పుటల్లో ఏది ఏ ఊరిదో ఇప్పటికీ తేలనివి ఒక పెట్టెడు ఉన్నాయి. కల్వకుర్తి తాలూకాకు సంబంధించి నేను చేత్తో ఎక్కించుకున్న కొన్ని ఫసలీల మొత్తాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మీ గ్రామాల కరదీపిక పూర్తయ్యాక చెప్పండి, ఏ ఏళ్లవి కావాలో చూసి పంపుతాను.